కుట్టేసిన కాజాలు

లాండ్రీలో పనిచేసేవాళ్ళకి మనుషుల మొహాలకంటే చొక్కాలే బాగా గుర్తుంటాయి. ఇస్త్రీ బల్ల మీదికి ఏ చొక్కా వచ్చినా ఆమె ముందు చేసే పని ఒకటే. కాలరు తిప్పి చూసి, పైనుంచి కింది దాకా గుండీలు వేలితో తడుముకుంటూ వస్తుంది. గుండీ ఊడి ఉంటే పెట్టె ఆనించకముందే చెప్పాలి. ఆ తర్వాత చెబితే ఆ గుండీని ఆమే మింగేసిందంటారు. అందుకని ముందు అనుమానించడం, ఆ తర్వాతే నీళ్ళు చిలకరించడం ఆమెకి అలవాటైపోయింది. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది మరి. గుమ్మం బయట విడిచి రావడానికి అదేమన్నా చెప్పుల జతా?

సెలవు రోజు పొద్దున ఇంట్లో బట్టలు ముందేసుకుని కూర్చుంది. మొగుడి బూడిదరంగు చొక్కా తీసింది, కాలరు తిప్పింది, మొదటి గుండీ మీద వేలు పెట్టింది. వేలు అక్కడే ఆగిపోయింది. దారం తనది కాదు. తను గుండీ కుడితే దారం అడ్డంగా, నిలువుగా వెళ్ళి మధ్యలో కలుస్తుంది. ఇది రెండు గీతల్లా పక్కపక్కనే వెళ్ళింది, గుండీ కింద దారం చుట్టి బిగించి ఉంది. తీరైన పని, చెయ్యి తిరిగిన మనిషి పని. రెండో గుండీ అంతే, మూడోదీ అంతే.

విప్పుదామని గుండీని వంచితే అది కాజాలోంచి రాలేదు. దగ్గరికి తీసుకుని చూస్తే అసలు కాజా లేదు. దాన్ని సన్నటి కుట్టుతో మూసేసి, గుండీని దాని నెత్తిమీదే అలంకారానికి కుట్టిపెట్టారు. ఆమె రెండు అంచులూ పట్టుకుని ఒక్క లాగు లాగింది. టపటపటపమని చొక్కా కాలరు నుంచి అంచు దాకా రెండు చెక్కలైంది. లోపల వరసగా ప్రెస్ బటన్లు మెరుస్తున్నాయి.

ఒక మగవాడికి ఒక్క లాగుతో చొక్కా విప్పాల్సినంత తొందర ఎక్కడొస్తుంది? ఇంట్లో అయితే రావడం లేదు. ఆ సంగతి ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు! చలి మొదలైనప్పటి నుంచీ ఆయన గోడవైపు తిరిగి, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని పడుకుంటున్నాడు.

మంచం మీద చిక్కుళ్ళు ఒలుస్తున్న అత్తగారు ఆ టపటప విని తలెత్తింది. ఆవిడకి ఒక చెవి వినపడదు, రెండోది అక్కర్లేనివి మాత్రమే వింటుంది.

"ఏం చినిగిందే?"

"ఏం చినగలేదత్తయ్యా. మీ అబ్బాయి చొక్కా ఇలాగే తెరుచుకుంటుందట."

"వాడి చొక్కాకేం, నిప్పులాంటి మనిషి."

ఆ నిప్పుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది తనే కదా అనుకుని, ఆమె లేచి కొయ్యకున్న మిగతా చొక్కాలన్నీ దింపింది. తెల్లది మాత్రం మామూలుగా ఉంది. ఆయన తొడుక్కునేవన్నీ ఒక్క లాగు చొక్కాలే.

ఆయన ఫౌండ్రీలో గ్రైండరు పట్టే మనిషి. అచ్చుల్లోంచి వచ్చిన ఇనప పోతలకి అంచుల వెంట ముళ్ళూ ముక్కలూ మిగిలి ఉంటాయి. చేతిమిషనుతో వాటిని అరగదీసి నున్నగా చెయ్యాలి. ఆయన చేతి కింద నుంచి వచ్చిన పోతలో మొహం చూసుకోవచ్చని తోటివాళ్ళు ఆయనకి 'అద్దం' అని పేరు పెట్టారు. సెలవైనా సరే కొంచెం పనుందని పొద్దున్నే వెళ్ళిన అద్దం గారు ఆ రోజు దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరారు, రెండు చేతులూ జేబుల్లోనే.

ఆమె టీ గ్లాసు అందించింది. ఆయన చెయ్యి చాపి తీసుకోలేదు, అక్కడ పెట్టమని గడపవైపు చూపించాడు. తర్వాత వంగి, గ్లాసుని రెండు అరచేతుల మధ్యా ఇరికించుకుని పైకెత్తాడు. పొగలు కక్కే గ్లాసుని అలా పట్టుకుంటే మామూలు మనిషి కెవ్వుమంటాడు. ఈయన కళ్ళు మూసుకుని హాయిగా ఊపిరి వదిలాడు. ఎవరిని తలుచుకుంటున్నాడో అనుకుంది ఆమె.

ఉంగరం ఏదని అడిగింది. ఫౌండ్రీలో పెట్టుకోవద్దన్నారని చెప్పాడు. ఇన్నాళ్ళూ ఉన్నది ఇవాళ వద్దన్నారా అంటే, ఇవాళే వద్దన్నారన్నాడు. ఆకుకు అందకుండా పోకకు పొందకుండా మాట్లాడటంలో ఆయనకి ఇంత నేర్పుందని ఆమెకి పెళ్ళయ్యాక ఇదే తెలియడం.

"ఏమండీ, గుండీ ఊడితే నాకు చెప్పొచ్చుగా?"

ఆయన చెయ్యి గబుక్కున చొక్కా మీదికి వెళ్ళింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో ఆమె కళ్ళారా చూసింది.

"ఫౌండ్రీలో ఊడింది. ఎవరో కుట్టిచ్చారు."

"ఎవరు?"

"ఎవరో."

ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. అన్నం చెంచాతో తిన్నాడు. చెయ్యి మసిగా ఉందన్నాడు. ఆ చెయ్యి కడుక్కోవడం ఆమె చూసింది, మసి లేదు.

మర్నాడు లాండ్రీలో ఆమె పెట్టె వేడెక్కకముందే ఒక తెల్లచొక్కా మీద ఆనించింది, ఎక్కువ వేడెక్కాక ఇంకోదాన్ని గోధుమరంగు చేసింది. పక్క బల్ల దగ్గర మడతలు పెట్టే ఆవిడ ఇదంతా ఓరకంట చూస్తోంది. ఊళ్ళో ఎవరింటి గుట్టయినా ఆవిడ దగ్గర నాలుగు మడతల్లో ఉంటుంది, అడిగితే విప్పుతుంది. ఈ రోజు అడక్కుండానే విప్పింది. ఆమె మొగుడు మూసేసిన సినిమాహాలు వెనక సందులో కుట్టుమిషనావిడ ఇంట్లోకి వెళ్ళడం తన తోడికోడలు చూసిందట. ఒకసారి కాదట. పనైపోయాక తిన్నగా అక్కడికేనట. ఆవిడకి మొగుడున్నాడుగా అని ఆమె అంటే, ఉన్నాడో లేడో ఈమధ్య బయట కనబడిన వాళ్ళే లేరని మడతలావిడ పెదవి విరిచింది.

"నీ మంచికోరి చెబుతున్నా. కళ్ళారా చూసేదాకా మాత్రం నోరు జారకు."

సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళలేదు. సినిమాహాలు వెనక సందు అంత వెడల్పేం కాదు, ఎదురెదురు ఇళ్ళ కిటికీలు ఒకదాని కబుర్లు ఒకటి వింటూ ఉంటాయి. కుట్టుమిషను చప్పుడు వినపడే ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. ఆమె కిటికీ పక్కన గోడకి ఆనుకుని, చెప్పులో రాయి పడ్డదానిలా ఒంటికాలి మీద నిలబడింది.

లోపల మిషను ఆగింది. ఆయన నవ్వు వినిపించింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే కాబోలు.

"ఇంట్లో చెప్పావా లేదా?" ఆడగొంతు అడిగింది.

"లేదు వదినా. చెబితే ఇల్లు తలకిందులైపోతుంది."

"ఎప్పటికైనా తెలుస్తుంది. అప్పుడు నన్నూ కలిపి తిడుతుంది."

"ఎల్లుండి ఒక్కటి గడవనీ."

వదినా! వరస కూడా కలిపేశాడు. ఆమెకి కళ్ళు మసకబారాయి. తలుపు తోసుకుని వెళ్ళడానికి కాళ్ళు సిద్ధంగానే ఉన్నాయి, గొంతే సిద్ధంగా లేదు. ఏడుస్తూ వెళ్తే లోకువైపోతానని, చెప్పు కాలికి తగిలించుకుని గబగబా నడిచి వచ్చేసింది. ఆ ఎల్లుండి ఏమిటి? ఆవిడని తీసుకుని ఎక్కడికైనా పోతాడా? పోయేవాడు ముసలితల్లిని కూడా తనకే వదిలేసి పోతాడా?

దారిలోనే అన్నయ్యకి ఫోన్ చేసింది. ఎల్లుండి పొద్దున రమ్మంది. ఎందుకంటే వచ్చాక చెబుతానంది. అన్నయ్య గట్టిగా అడిగేసరికి, "నేనిక ఈ ఇంట్లో ఉండను, నీ దగ్గర నాకో మూల చూపించు" అనేసింది. తన భార్యకి చెప్పి ముందుగదిలో సామాను తీయిస్తానన్నాడు అన్నయ్య. ఆ మాట వినగానే ఆమెకి నిజంగా భయం వేసింది. అంతవరకూ అది కోపంలో అన్నమాట. ఇప్పుడు ఎవరో అవతల బీరువా జరుపుతున్నారు.

మర్నాడు మధ్యాహ్నం లాండ్రీలో కడుపునొప్పని చెప్పి బయటపడింది. మొగుణ్ణి అడిగితే ఏడుపొస్తుంది, ఆవిణ్ణి అడిగితే కోపమొస్తుంది. ఆమెకిప్పుడు కోపమే కావాలి. బూడిదరంగు చొక్కా మడత పెట్టి సంచిలో వేసుకుంది. దారి పొడుగునా అనాల్సిన మాటలు ఒక్కోటీ ఇస్త్రీ చేసి పెట్టుకుంది.

తలుపు తీసే ఉంది. కుట్టుమిషనావిడ ఆమె అనుకున్నట్టు లేదు. తలలో సగం నెరిసింది, కళ్ళజోడు కాలు ఒకటి విరిగితే దారంతో కట్టుకుంది, నోట్లో రెండు గుండుసూదులున్నాయి. మిషను పక్కన బుట్టలో అరచేతి పాటి చిన్న చిన్న గుడ్డసంచులు పోగుపడి ఉన్నాయి. ఈమె ఏమీ అనకుండా చొక్కా తీసి మిషను బల్ల మీద పరిచింది.

"ఇది మీరు కుట్టిందేనా?"

ఆవిడ నోట్లోంచి సూదులు తీసి పక్కన గుచ్చి పెట్టింది. చొక్కాని చూసింది, ఈమెని చూసింది. ఉలిక్కిపడలేదు.

"ఇన్నాళ్ళు పట్టిందా నీకు? మొదటి చొక్కాకే వస్తావనుకున్నా" అంది. "రా, కూర్చో."

కూర్చోవడానికి రాలేదని ఈమె అనబోతుండగా లోపలి గదిలోంచి ఎవరో పిలిచారు. "ఏమేవ్, ఓసారి రా. ముక్కు."

ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. తెర సగం జరిగి ఉంది. కిటికీలోంచి ఎండ పడేచోట కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఛాతీ, భుజాలు ఇంకా గ్రైండరు పట్టే మనిషివే. చేతులు మాత్రం ఒళ్ళో రెండు వేరే వస్తువుల్లా పడి ఉన్నాయి. వేళ్ళు కందిపోయి నీలంగా ఉన్నాయి. రెండు వేళ్ళ కొనలకి గుడ్డ చుట్టి ఉంది. ఒక వేలు కొన దగ్గర ఉండాల్సినంత లేదు. ఆవిడ ఆయన ముక్కు మీద రెండుసార్లు గోకింది, చలిగా ఉందా అని అడిగి దుప్పటి మోకాళ్ళ మీదికి లాగింది, వచ్చేసింది. అది ఆవిడకి రోజుకి ఎన్నోసారో గానీ, అందులో విసుగూ లేదు, ప్రేమా లేదు, గంజి కాసినట్టు చేసింది.

ఈమె ఇస్త్రీ చేసి తెచ్చుకున్న మాటలన్నీ నలిగిపోయాయి.

"ఎవరది?" అన్నాడు లోపలాయన.

"మన అద్దం భార్య."

"మా తమ్ముడి భార్యా? కూర్చోబెట్టు. నేను లేవలేనమ్మా, లేస్తాను గానీ కుర్చీ ఇవ్వలేను" అని ఆయనే నవ్వాడు. "వాడు పనిలో చేరినప్పుడు మిషను పట్టుకోవడం నేనే నేర్పాను. గట్టిగా పట్టుకోరా అన్నాను. గట్టిగా పట్టుకుంటే అదరదనుకునేవాళ్ళం. ఎంత గట్టిగా పట్టుకుంటే ఆ వణుకు అంతా మన చేతిలోకే ఎక్కుతుందని ఎవరికి తెలుసు? ఎక్కింది ఇక దిగదు. చలి తగిలిందా, నెత్తురు వేళ్ళ దాకా రానని మొండికేస్తుంది. తెల్లగా సున్నం కొట్టినట్టు అయిపోతాయి. మొదట్లో కాసేపటికి తిరిగొస్తుంది. తర్వాత్తర్వాత రావడం మానేస్తుంది."

కుట్టుమిషనావిడ గొంతు తగ్గించి మిగతాది చెప్పింది. అద్దానికి చలికాలం మొదలైన దగ్గర్నుంచీ గుండీలు పెట్టుకోవడం చేతకావడం లేదు. వేలికి గుండీ తగిలిందో లేదో తెలియదు. పొద్దున్నే ఈమె లాండ్రీకి తొందరగా వెళ్ళిపోతుంది కాబట్టి సరిపోయింది గానీ, పాపం చొక్కా తొడుక్కోవడానికే చెమటలు పట్టేవట. ఒకసారి సగం గుండీలు పెట్టుకునే ఫౌండ్రీకి వెళ్తే అందరూ నవ్వారట. అందుకని ప్రెస్ బటన్లు. అరచేత్తో నొక్కితే చాలు. ఉంగరం వేలిని నొక్కేస్తోందని అది కూడా తీసి దాచుకున్నాడట.

"నాకు చెప్పొచ్చుగా!" అంది ఈమె. ఆ మాట బయటికి వచ్చేసరికి కోపంగా లేదు.

"నీకు చెబితే మాన్పించేస్తావని భయం."

రేపు ఫౌండ్రీ గేటు దగ్గరికి వ్యాన్‌లో ఒక డాక్టరు వస్తున్నాడు. గ్రైండర్లు పట్టేవాళ్ళ చేతులు చూస్తాడట. కళ్ళు మూయించి పళ్ళెంలోంచి చిన్న చిన్న వాషర్లు తియ్యమంటాడట, ఏది పెద్దదో ఏది చిన్నదో చెప్పమంటాడట. ఆ డాక్టరు ఎవరి మనిషో ఎవరికీ తెలియదు. యజమానే పంపించాడని కొందరు, పైన సర్కారు నుంచి వచ్చాడని కొందరు. చెయ్యి బాగోలేదని రాస్తే తేలికపని ఇస్తారన్నది ఒకమాట, తుక్కుపోగు దగ్గర నిలబెట్టి, ఆ తర్వాత నెమ్మదిగా రావద్దంటారన్నది ఇంకోమాట. మనుషులు రెండోదే నమ్మారు. ఎందుకు నమ్మరు? ఎప్పుడూ మొదటిది జరిగిన పాపాన పోలేదు.

అందుకే ఈ గుడ్డసంచులు. రాత్రిపాళీ వాళ్ళు అచ్చుల్లోని వేడి ఇసుక వీటిలో పోసి తెస్తారు. వాటిని జేబుల్లో పెట్టుకుని పేరు పిలిచేదాకా పట్టుకుంటే వేళ్ళు ఎర్రగా నిగనిగలాడతాయి. ఇక వాషర్ల సంగతి, వేలికి తెలియకపోతే చెవికి తెలుస్తుంది. పళ్ళేనికి నెమ్మదిగా తాటించి చప్పుడు వినాలి. అదే సాయంత్రాలు అద్దం ఇక్కడికొచ్చి నేర్చుకుంటున్నాడు. నిన్న నాలుగు వరసగా సరిగ్గా చెప్పేసరికి పసిపిల్లాడిలా నవ్వాడట.

"ఇవన్నీ మీకెలా తెలుసు?" అని ఈమె అడిగింది.

ఆవిడ బుట్టలోంచి ఒక సంచి తీసి, అంచు లోపలికి మడిచి, మళ్ళీ విప్పింది.

"అంతకుముందు కూడా ఇలాంటి పరీక్షలు పెట్టారమ్మా. ప్రతిసారీ మా ఆయన్ని నేనే తయారుచేసి పంపాను. ప్రతిసారీ నెగ్గుకొచ్చాడు. ఊరంతా మెచ్చుకుంది. నెగ్గి, నెగ్గి, ఇదిగో, ఇలా కూర్చున్నాడు."

"మరి మా ఆయనకెందుకు నేర్పుతున్నారు?"

"అడిగాడు. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. నా మాటైతే వినడు." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నీకోసం ఇన్నాళ్ళూ నేను ఎదురుచూసింది ఉత్తినే కాదు."

లోపల్నుంచి మళ్ళీ పిలుపు వచ్చింది. ఈసారి చెవి.

ఆ సాయంత్రం ఆయన తొందరగానే ఇంటికి వచ్చాడు. ఆమె లాంతరు గాజుని పట్టుకున్నంత జాగ్రత్తగా ఆయన్ని చూసింది. ఇన్నాళ్ళూ చూసిందంతా తప్పుడు కళ్ళతో చూసిన సంగతి తెలిసిపోయాక, మళ్ళీ మొదటి నుంచీ చూడాల్సి వచ్చింది. గడియ తియ్యడానికి ఆయన అరచెయ్యి వాడతాడు. కుండ మీద మూత ముంజేతులతో ఎత్తుతాడు. సబ్బు జారిపోతే రెండోసారి వంగడు. ఇవన్నీ ఆమె కళ్ళముందే జరిగాయి. ఇంత అనుమానం మనిషికి ఇంత చిన్నది కనపడలేదు! తన మీద తనకే ఒళ్ళు మండింది.

అయినా ఆ అనుమానం అంత తేలిగ్గా చచ్చేది కాదు. కుట్టుమిషనావిడ చెప్పిందంతా అబద్ధమై ఉండకూడదా అని ఒక పురుగు తొలుస్తూనే ఉంది. ఆమె చిరిగిన దిండు గలీబు, సూది తెచ్చుకుని ఆయన పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి దుప్పటి మీద ఉంది. అత్తగారు అటు మంచం మీదనుంచి ఎవరికో కాలు విరిగిన సంగతి చెబుతుంటే ఆయన ఊ కొడుతున్నాడు. ఈమె కుడుతూ కుడుతూ సూదిమొనని ఆయన చూపుడువేలి కొనకి ఆనించింది. ఆయన ఊ కొట్టాడు. కొంచెం నొక్కింది. వాళ్ళు కట్టు కట్టించారా అని ఆయన తల్లిని అడిగాడు. ఇంకొంచెం నొక్కింది. సూది మొన చర్మంలోకి దిగింది.

ఆయన తిరిగి చూడలేదు.

ఆమె సూది తీసి గలీబులో గుచ్చేసి, ఆ వేలిని గుప్పిట్లో పట్టుకుంది. అప్పుడు తిరిగి చూశాడు, ఆమె పట్టుకున్నట్టు కంటికి కనిపించాక.

"మీ కుట్టుమిషను వదిన దగ్గరికి వెళ్ళొచ్చాను" అంది.

ఆయన మొహంలో భయం కంటే ముందు అలసట వచ్చింది. చాలాసేపటి నుంచీ ఏదో బరువు మోస్తున్నవాణ్ణి దించుకోమంటే ఎక్కడ దించాలో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టాడు. రేపు ఒక్కటి గట్టెక్కితే చాలన్నాడు. మిషను పట్టుకోవడానికి వేళ్ళకి ఏమీ తెలియక్కర్లేదన్నాడు. "నేను దాన్ని పట్టుకోవడం ఎప్పుడో మానేశాను, అదే నన్ను పట్టుకుంటోంది" అని నవ్వబోయాడు. నునుపు వచ్చిందో లేదో చెంపకి ఆనించి చూసుకుంటున్నాడట, ఎవరూ చూడనప్పుడు. చెయ్యి పోయిందని రాస్తే తుక్కుపోగు దగ్గర చీపురిచ్చి నిలబెడతారు, అద్దం అన్నవాళ్ళే అటువైపు చూడకుండా వెళ్తారు. ఆ తర్వాత అద్దె ఎవరు కడతారు? అమ్మ మందులు?

"పెద్దాయన్ని చూశారుగా?" అంది ఆమె.

"ఆయన వయసుకి నాకు ఇంకా చాలా టైముంది."

"ఆయనా అలాగే అనుకుని ఉంటాడు."

అత్తగారు అక్కడ ఏం గుసగుసలని అడిగింది. ఏం లేదని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఆ 'ఏం లేదు' చాలా రోజుల తర్వాత ఇద్దరూ కలిసి ఆడిన అబద్ధం.

రేపు తనకోసం ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరికే ఉంటే చాలని ఆయన అడిగాడు. ఆమె సరే అనలేదు, కాదనలేదు. బయటికి వెళ్ళి అన్నయ్యకి ఫోన్ చేసి రావద్దంది. అసలేమైందో చెప్పమని అన్నయ్య నిలదీశాడు. గుండీల గొడవని చెప్పింది. గుండీల కోసం ఎవరైనా కాపురం వదిలేస్తారా, నీకు మతి గానీ పోయిందా, అక్కడ మీ వదిన బీరువా మోయలేక నడుం పట్టేసుకుని మూలుగుతోంది అని ఆయన చాలాసేపు చివాట్లు పెట్టాడు. ఆమె అన్నీ వింది. ఆ చివాట్లు కాస్త హాయిగానే ఉన్నాయి.

పొద్దున మంచు ఇంకా విడలేదు. ఆమె లాండ్రీకి వెళ్ళకుండా ఆయన వెంట బయల్దేరింది. వద్దనడానికి ఆయనకి ధైర్యం చాలలేదు. తోడు వస్తోందనుకున్నాడో ఏమో, దారిలో ఒకసారి ఆమెవైపు చూసి నవ్వాడు కూడా.

ఫౌండ్రీ గేటు బయట తెల్ల వ్యాన్ ఆగి ఉంది. గోడ వెంట మగవాళ్ళ వరస. అందరి చేతులూ జేబుల్లోనే ఉన్నాయి. ఒకరు బీడీ కాల్చరు, ఒకరు చెయ్యి ఊపరు, ఎవరైనా పలకరిస్తే గడ్డంతో పలకరిస్తారు. ఇంతమంది ఒకే దొంగతనం చేసి ఒకే చోట నిలబడటం ఆమె ఎప్పుడూ చూడలేదు. లోపల్నుంచి రాత్రిపాళీ మనిషి ఒకడు వచ్చి వరస వెంట నడుస్తూ ఒక్కొక్కరి జేబులో ఒక్కో జత సంచులు జారవిడుస్తున్నాడు. అద్దం జేబుల్లోనూ వేశాడు. ఆయన భుజాలు కాస్త కిందికి దిగాయి. వెచ్చదనం తగిలినట్టుంది.

వ్యాన్ మెట్ల మీద కళ్ళద్దాల కుర్ర డాక్టరు నిలబడి అందరినీ చూస్తున్నాడు. మంచివాడో చెడ్డవాడో ఆ మొహంలో ఏమీ తెలియడం లేదు. ఆమె ఆ మొహాన్ని చాలాసేపు పట్టిపట్టి చూసింది. ఇలాంటివాడి చేతిలో ఇంటిని పెట్టొచ్చా? ఏమో! తలకి మంచు పట్టకుండా టోపీ పెట్టుకున్నాడు, అంతకుమించి ఏమీ దొరకలేదు.

వరస ముందుకి జరిగింది. ముందున్నవాడు లోపలికి వెళ్ళి, ఎర్రటి చేతులు ఊపుకుంటూ దిగివచ్చాడు. అందరూ నవ్వారు. వాడు మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకోబోయి, పట్టు తెలియక తూలాడు. అది ఎవరూ చూడలేదు, ఆమె చూసింది.

ఇంకొక్కరి తర్వాత ఆయన వంతు. ఆమె దగ్గరికి జరిగి, ఆయన కుడిజేబులో చెయ్యి పెట్టి సంచి బయటికి తీసింది. గోడవారకి విసిరేసింది. ఆయనకి ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపే ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, గేటు పక్కనున్న కొళాయి దగ్గరికి తీసుకుపోయింది. తిప్పింది. నీళ్ళు ఆమె వేళ్ళకి తగలగానే ఎముకలు జివ్వుమన్నాయి. ఆయన చేతిని ఆ నీళ్ళ కింద పెట్టి, తన చెయ్యి తియ్యకుండా పట్టుకుంది.

వరసలో గొణుగుడు మొదలైంది. ఎవరో, "అమ్మా, ఏం చేస్తున్నావు? ఆయన పని పోతుంది" అన్నారు.

"పోతే పోనీ" అంది ఆమె తిరిగి చూడకుండా.

చూపుడువేలి కొన ముందు తెల్లబడింది. ఆ తెలుపు గీత గీసినట్టు కణుపు దాకా దిగింది. పక్క వేలు, ఆ పక్క వేలు. ఇన్నాళ్ళూ చీకట్లో చంకల్లో దాచుకున్నది అందరి ముందూ పట్టపగలు నిలబడింది. గ్రైండరు పట్టే చెయ్యి అది, ఒక్క విదిలింపు విదిలిస్తే ఆమె అవతల పడేది.

"చూడండి" అంది ఆమె. "రేపేం తింటామో నాకూ తెలీదు. ఆ డాక్టరు మన మనిషో కాదో కూడా తెలీదు. మీకు చొక్కా తొడగమంటే తొడుగుతాను, అన్నం కలిపి పెట్టమంటే పెడతాను. చేస్తాను, అందులో నాకు నామోషీ లేదు. కానీ మిమ్మల్ని తయారుచేసి లోపలికి పంపడం మాత్రం నావల్ల కాదు."

వ్యాన్ దగ్గర్నుంచి పిలుపు వచ్చింది. ఆయన వంతే. ఆయన వ్యాన్‌వైపు చూశాడు, గేటువైపు చూశాడు, గేటు లోపల అప్పుడే అదురుతూ మొదలైన మిషన్ల చప్పుడువైపు చూశాడు. ఆమె పట్టు వదిలేసింది. ఇక పట్టుకుని లాభం లేదనిపించింది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఎడమచేతిని జేబులోంచి బయటికి తీశాడు. అందులో సంచి ఇంకా వేడిగానే ఉంది, చల్లటి గాలికి సన్నగా ఆవిరి లేస్తోంది. దాన్ని నేలమీద పడనిచ్చి, ఆ చేతిని కూడా తనే నీళ్ళ కింద పెట్టాడు.